బావిడితోటలో శవం

మా పిన్ని ఒక ప్రెస్సులో నవలలు టైపు చేస్తుంది. అంతకుముందు రెండు చోట్ల చేసింది, రెండూ నోటి దురుసు వల్లే పోయాయి. ఇదీ పోతే పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని అత్తగారి సణుగుడు వినాలి. ఆ అత్తగారు మా నాన్నమ్మే, అయినా ఉన్నమాట చెబుతున్నా.

ఆ ప్రెస్సుకి పెద్దదిక్కు ఒక సస్పెన్స్ రచయిత. ఆయన నవలలో ఇరవై పేజీలకోసారి అనుమానం ఒకరి మీంచి ఇంకొకరి మీదకి దూకుతుంది. ప్రూఫులు చూడ్డం అయిపోయి, పుస్తకం అచ్చుకెళ్లే రోజు పొద్దున ఫోన్ చేశాడు. హంతకుడు మామ అంటే జనం ఇట్టే పసిగట్టేస్తారు, మామ అన్నచోటల్లా బావ చేసెయ్యమ్మా అన్నాడు. పిన్ని కంప్యూటర్‌కి ఆ ముక్క చెప్పేసి టీ తాగడానికెళ్లింది.

'మామ' అనే రెండక్షరాలు ఏ మాటలో దొరికితే ఆ మాటలో బావని కూర్చోబెట్టింది కంప్యూటరు. పుస్తకం వచ్చేసరికి శవం బావిడితోటలో ఉంది. ఆకాశంలో చందబావ ఉన్నాడు. ఎస్సై బావూళ్లు మరిగాడు. హీరోయిన్ బావూలు మనిషి కాదు.

రచయిత పుస్తకం పట్టుకుని ఊగిపోతూ వచ్చాడు. ఓనరు పిన్నిని పిలిచి సంచి సర్దుకోమన్నాడు. నేనైతే కాళ్లమీద పడేవాణ్ణి.

"అన్నచోటల్లా అన్నది మీరే కదండీ" అంది పిన్ని.

రచయిత ఇంకా మండిపడ్డాడు. అప్పుడు పిన్ని పుస్తకం లాక్కుని మొదటి పేజీ తీసింది.

"హంతకుడు బావే కదా? చూడండి, తోటలో ఉన్నాడు, ఆకాశంలో ఉన్నాడు, ఎస్సై జేబులోనూ ఉన్నాడు. చదివేవాడి ముక్కు కిందే తిరుగుతున్నాడు. ఇంతకన్నా పెద్ద మెలిక మీరెప్పుడైనా పెట్టారా?"

ఓనరు తల పట్టుకున్నాడు. రచయిత మాత్రం కుర్చీ లాక్కుని పేజీలు తిప్పడం మొదలెట్టాడు. ఒకచోట ఆగి మీసం చాటున నవ్వాడు. మొత్తం ఎన్ని చోట్ల ఉన్నాడని అడిగాడు. పిన్ని కంప్యూటర్లో వెతికి, నూట పన్నెండంది. అట్ట మీద 'హంతకుడు అడుగడుగునా ఉన్నాడు, పట్టుకోండి చూద్దాం' అని చీటీ అంటించమని ఓనరుకి చెప్పి వెళ్లిపోయాడు. పిన్ని సంచి మళ్లీ కొక్కేనికి ఎక్కింది.

ఆ సాయంత్రం బాబాయి నాలుగు పేజీలు చదివి, ఇన్ని అచ్చుతప్పులేంటే అని నవ్వాడు.

"అవి క్లూలు. బుర్ర ఉన్నవాళ్లకే కనపడతాయి" అంది పిన్ని.

బాబాయి నవ్వాపి మళ్లీ మొదటి పేజీకి వెళ్లాడు.