కీమ్యాన్ సాల్మన్ సెలవులో ఆఖరి రోజు

మా సాల్మన్ మామను వరంగల్ నడిబొడ్డున నిలబెట్టి, చుట్టూ ఏమున్నాయో చెప్పమంటే చెప్పలేడు. ఆయన డోర్నకల్ దగ్గర రైల్వే కీమ్యాన్. ఇరవై ఆరేళ్లుగా తెల్లవారగానే సుత్తె భుజాన వేసుకుని, పట్టాల వెంట నడుస్తూ, పట్టాను పట్టి ఉంచే కీలు ఎక్కడ వదులయ్యాయో చూసి బిగించడం ఆయన పని. ఒక్కటీ ఆయన కళ్లు దాటిపోదని పేరు. ఆ పేరే ఆయన మెడ వంచేసింది. చర్చికి వచ్చినా, పెళ్లికి వచ్చినా చూపు నేల మీదే. వెంట ఎవరున్నా సరే, ఆయన ముందు, వాళ్లు వెనక.

కృపమ్మత్త దానికి ఉల్టా. దారిలో కోడి కనిపిస్తే అది ఎవరిదో, ఎన్ని గుడ్లు పెడుతుందో కనుక్కోనిదే కదలదు.

పోయిన నెల పది రోజుల సెలవు పెట్టి ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. తొమ్మిది రోజులు మామ నిద్రపోయాడు. అత్త మా వంటింట్లో గడిపింది. ఆడవాళ్లకు సెలవంటే పొయ్యి మారడమే కదా! పదో రోజు పొద్దున్నే అత్త మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"సాయంత్రం బండికి పోవుడే. ఇన్నేండ్ల సంది వరంగల్‌ను రైలు కిటికీలకెళ్లి చూసుడే అయింది. ఇయ్యాల్ల నడిపిచ్చి చూపియ్యి" అంది.

మా ఇల్లు కాశిబుగ్గ అవతల. నేను పనిచేసే మందుల షాపు చౌరస్తాలో. నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, అక్కణ్నుంచి కోట చూడ్డానికి పోవాలని అనుకున్నారు. పదకొండింటికి మామ షాపు మెట్లెక్కి, చెమట తుడుచుకుని, "అచ్చినం గ్రేస్ బిడ్డా" అన్నాడు.

"అత్తేది మామా?"

ఆయన వెనక్కి తిరిగాడు. మెట్ల మీద ఎవరూ లేరు.

అత్త ఫోను మా ఇంట్లో చార్జింగులో ఉంది. మామ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎక్కడ తప్పిపోయిందని అడిగితే, ఏ దుకాణం పేరూ ఆయనకు తెలియదు.

"మోరీ మీద బండ పగిలింది ఒకకాడ. ఆడ ఉన్నది. అటెనక మోరీల ఎర్రనీళ్లు పోతానయ్. ఆడ ఏందో అడిగింది."

"ఏమడిగింది?"

"నీళ్లు ఎర్రగెందుకున్నయ్ అన్నది."

"నువ్వేమన్నవ్?"

మామ చాలాసేపు ఆలోచించాడు. "ఊ అన్న" అన్నాడు.

ఆటో పిలిస్తే ఎక్కలేదు, కూర్చుంటే నేల కనబడదట. మండే ఎండలో ఆయన వెనక నేను. అతుకులేసిన తారు, వంగిన ఇనుప జాలీ, ఒలికి ఎండిన సున్నం, ఒక్కోటీ గుర్తుపట్టి "ఇదే, ఇదే" అంటూ పోతున్నాడు. కాశిబుగ్గ దగ్గర రోడ్డు పక్క మురికి మోరీలో నిజంగానే ఎర్రనీళ్లు పారుతున్నాయి. వాటికి ఎదురు నడిచి సందులోకి తిరిగాం. నూలుకు రంగులద్దే షెడ్డు, దాని పక్క ఇంట్లో మగ్గం. ఆ ఇంటి రాజక్క తివాచీ నేస్తోంది. పక్కన పీట మీద మా అత్త, చెంగుకు ఎర్ర మరకతో, నూలు చుట్టిన కండె చేతిలో పట్టుకుని అడుగుతోంది: "అయితె ఈ పువ్వు ఏడ మొదలు పెట్టాల్నో ఎట్ల యాదికుంటదక్కా?"

"చెప్పకుంట ఎట్ల అచ్చినవే!" మామ అరిచాడు.

"చెప్పిన. జర ఆగుమని మూడుసార్లు చెప్పిన. మూడుసార్లూ ఊ అన్నవ్." అత్త తల తిప్పి చూసింది. "ఎంత దూరం పోయినంక తెలిసింది, నేను లేనని?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడేమో అనుకున్నాను. కానీ దూరం విషయంలో మామకు అబద్ధం రాదు.

"రెండు కిలోమీటర్లు. పైన ఓ నాలుగు వందల మీటర్లు. అదీ, గ్రేస్ అడిగితె."

అత్త కోప్పడలేదు. కండె రాజక్క చేతికిచ్చి, నెమ్మదిగా అంది: "ఒక్క కీ వదులైతె అడుగు దాటకముందే కనిపెడ్తవు."

రాజక్క మగ్గం ఆపేసింది. మామ గడప మీదే కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీద జాలితో వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం కోటకు వెళ్లాం. సాయంత్రం స్టేషను దారిలో అత్త ముందు, మామ వెనక. గాజుల దగ్గర ఆగింది, ఆగాడు. మిర్చిబజ్జీ బండి దగ్గర ఆగి, పిండిలో ఏం కలుపుతారని అడుగుతూ ఉండగా రైలు కూత వినిపించింది. పుట్టి బుద్ధెరిగాక మామకు ఎన్నడూ బండి తప్పిపోలేదు.

"మామా, మీ బండి!" అన్నాను.

ఆయన చేతి గడియారం వైపు కూడా చూడలేదు. అత్త ముఖంవైపే చూస్తున్నాడు.

"పోనియ్" అన్నాడు. "ఏడున్నరకు ఇంకోటున్నది. అడుగనియ్యి."