బొట్టు పెట్టి పిలిచిన మ్యాచి

ఆ రోజుల్లో నేను ఫుట్‌బాల్ ఆటగాణ్ణని చెబితే నమ్మే మనిషి దొరికేవాడు కాదు, ఎందుకంటే మా ఆట చూసిన మనిషే దొరికేవాడు కాదు. (ఇప్పుడు నా పొట్ట చూసి నమ్మరు, అది వేరే సంగతి.) తిరువళ్ళూరు శివార్లలో అద్దెకు తీసుకున్న మైదానం మాది. జీతాలిచ్చి ఆడించే జట్టే, కాకపోతే పేపర్లో స్కోరు కూడా పడని కింది డివిజన్. తొలి మ్యాచికి పాటల ఆర్కెస్ట్రా పెట్టారు కాబట్టి గ్యాలరీ నిండింది. రెండో మ్యాచికి ఆర్కెస్ట్రా లేదు, జనం సగమయ్యారు. మూడోదానికి టికెట్టు తీసేసి ఊరికే రమ్మన్నారు. ఊరికే చూపించే ఆటలో ఏముంటుందిలే అనుకున్నారో ఏమో, ఇంకా తగ్గారు. ఆ తర్వాత నీడకోసం వచ్చి పడుకునేవాళ్ళు, వాచ్‌మన్, ఆయన మేక మిగిలారు. మైదానం ఎదుట టీ కొట్టు మాత్రం కిటకిటలాడేది. కుర్రాళ్ళు విదేశీ జట్ల జెర్సీలు తొడుక్కుని, ముందురోజు రాత్రి ఎక్కడో పడిన గోల్స్ సెల్‌ఫోన్లో చూస్తూ కేకలు వేసేవాళ్ళు. ఆ కేకలు మాకే అనుకుని గ్యాలరీ వైపు చేతులూపిన రోజులు కూడా ఉన్నాయి.

నేను రెండో గోల్‌కీపర్ని. అంటే మొదటి గోల్‌కీపర్‌కు జ్వరం వస్తే ఆడేవాణ్ణి. అతనికి జ్వరం వచ్చేది కాదు. నన్ను జట్టులోకి తీసుకున్నది నా చేతులు చూసి కాదని నాకూ తెలుసు. తిరుత్తణి పక్క కుర్రాడు జట్టులో ఉంటే చుట్టుపక్కల జనం తరలి వస్తారని మేనేజర్ సార్ లెక్క వేసుకున్నారు. ఆ లెక్క తప్పేసరికి ఒక సాయంత్రం ప్రాక్టీసయ్యాక నన్ను పక్కకు పిలిచారు. "ఎన్న తంబి, మీ ఊరి కూట్టం, ఆ జనమంతా యాడికి పోయింది? వచ్చే మ్యాచి చూడ్డానికి ఓనరు వస్తా ఉండాడు. అప్పుడు గూడా గ్యాలరీ ఖాళీగా ఉంటే నిన్ను ఉంచమని నేను అడగలేను," అన్నారు. ఆయన మంచివారే. మంచివాళ్ళు చెప్పినప్పుడే ఇలాంటి మాటలు గట్టిగా తగులుతాయి.

ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చుని అమ్మకు చెప్పుకున్నాను. మాది నేతవాళ్ళ వీధి. అమ్మ పక్కనే కండెలు చుడుతూ వింది. "ఎవరినన్నా పిలిచినారా?" అంది. పోస్టర్లు వేశామన్నాను. "పోస్టరు గోడకు వేసినారు. మనుషుల్ని ఎవురు పిలిచినారు?" అంది. ఫుట్‌బాలుకు పిలుపులేమిటమ్మా అని విసుక్కున్నాను. "పిలవని చోటికి మానంగా బతికేవాళ్ళు ఎట్ల వస్తార్రా?" అని కండె పక్కన పెట్టింది. నేను దాన్ని ఒక తల్లి ఓదార్పు అనుకుని, మజ్జిగ పోసుకుని, పడుకున్నాను.

మర్నాటి నుంచి అమ్మ పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిందని నాకు తెలియదు. నేను జట్టుతో పాటు తిరువళ్ళూరులో గదిలో ఉన్నాను. ముందు పెద్దమామ ఇంటికి వెళ్ళిందట. (పెద్దమామ అంటే అమ్మకు పెద్దన్న. ఆయన్ను రెండోవాడిగా పిలిచినందుకు మా వంశంలో ఒక పెళ్ళి విందు సగంలో ఆగింది.) తర్వాత చిన్నమామలు, పెదనాన్నలు, నూలుకు రంగులు అద్దేవాళ్ళు, నూలు అమ్మేవాళ్ళు, అందరికీ బొట్టు పెట్టి, "మావోనిది ఆదివారం మ్యాచి, ఇంటిల్లిపాదీ రావాల," అని చెప్పింది. మా వైపు బొట్టు పెట్టి పిలిస్తే రాకపోవడమంటే తెగతెంపులు చేసుకోవడమే.

ఆదివారం మధ్యాహ్నం మా బస్సు మైదానం గేటు ముందు ఆగింది. గేటు పక్కన ఒక బల్ల, దానిమీద తెల్లగుడ్డ, చందనం గిన్నె, కలకండ పళ్ళెం. బల్ల వెనక పన్నీరు బుడ్డి పట్టుకుని అమ్మ. అప్పటికే తిరుత్తణి రైలు దిగిన మా బంధువులు పట్టుచీరలతో, జరీ పంచెలతో, మల్లెపూలతో లోపలికి నడుస్తున్నారు. ముందు దిగిన మా కెప్టెన్ మీద అమ్మ పన్నీరు చల్లింది. అతను మలయాళీ, మొహం తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, "ఇక్కడేమైనా కల్యాణమా?" అని నన్నే అడిగాడు. ఊళ్ళోవాణ్ణి నేనే కదా. నేను నేల చూపులు చూస్తూ, "మండపం అనుకుని వచ్చినట్టున్నారు," అన్నాను. ఆ మాట అమ్మకు వినబడేంత దగ్గర్లో ఉన్నాను. నా వంతు వచ్చింది. అమ్మ నా మొహం ఒక్క క్షణం చూసి, అందరిమీద చల్లినట్టే నామీదా పన్నీరు చల్లి, "రండి," అంది. కన్నతల్లి నన్ను 'రండి' అనడం అదే మొదటిసారి. నేను చందనం కూడా రాసుకుని లోపలికి పోయాను.

ఆట మొదలైంది. నేను జెర్సీ మీద పసుపు పచ్చ చొక్కా తొడుక్కుని రిజర్వు ఆటగాళ్ళ కుర్చీల్లో కూర్చున్నాను. వెనక గ్యాలరీలో మా అత్త గొంతు, జట్టులో నాకొక్కడికే అర్థమయ్యే తెలుగులో, స్పష్టంగా వినబడుతోంది. "చూడండక్కా, అందరూ ఎండలో పరుగులు పెడతా ఉంటే మావోడు దర్జాగా నీడలో కూచోనుండాడు. పెద్ద ఉద్యోగమే." ఆమె కొడుకు, నా బావ, సబ్‌స్టిట్యూట్ అంటే ఏమిటో ఆమెకు విడమరిచి చెప్పాడు. దానికన్నా అత్త అనుకున్నదే బాగుండేది. ఎదుటి జట్టు గోల్ వేసినప్పుడు మావాళ్ళు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. వాళ్ళు బయటినుంచి వచ్చినవాళ్ళట, మనమే మర్యాద చెయ్యాలట. కోచ్ సార్ తల పట్టుకున్నారు. ఓనరు మాత్రం నిండిన గ్యాలరీ చూసి ఫోనుతో ఫోటోలు తీసుకుంటున్నాడు.

విరామంలో మేనేజర్ సార్ ఉబ్బితబ్బిబ్బై ఓనరును వెంటబెట్టుకుని గ్యాలరీ ముందు వరసకు వెళ్ళారు, జనం ఏం చూసి వచ్చారో కనుక్కుందామని. ముందు వరసలో మధ్య కుర్చీ సహజంగా పెద్దమామది. పోస్టరు చూశారా, ఫోనులో చూశారా అని సార్ తమిళంలో అడిగారు. పెద్దమామ అదే తమిళంలో, మమ్మల్ని పిలిచారు, వచ్చామన్నాడు. ఎవరు పిలిచారని అడిగితే గేటు వైపు చెయ్యి చూపించాడు. సార్ మనిషిని పంపి అమ్మను పిలిపించారు. ఆట మొదలైనప్పటి నుంచీ ఆమె గేటు దగ్గరే నిలబడి ఉందని, ఆలస్యంగా వచ్చేవాళ్ళకు ఎదురుపోయేవాళ్ళుండాలని ఒక్క బంతి కూడా చూడలేదని అప్పుడు తెలిసింది. "నీవెవరమ్మా?" అని ఓనరు అడిగాడు. నేను కుర్చీలో ఇంకొంచెం కిందికి జారాను. అమ్మ నా వైపు చూడకుండా, "ఈ పక్క ఊరిదాన్ని సార్," అంది.

అక్కడితో పోయేదే. పెద్దమామ ఊరుకుంటాడా. "ఊరిదేంది? ఆ కుర్చీలో కూచోనుండాడే పచ్చ చొక్కా, వానమ్మ. వచ్చినప్పట్నుంచి చూస్తా ఉండా, వాకిట్లో వానమ్మ ఒక్కతే నిలబడుండాది, వాడు వచ్చి ఒక్కరిని రమ్మనింది లేదు," అన్నాడు. జట్టు జట్టంతా నా వైపు తిరిగింది. కెప్టెన్ చందనం బొట్టు తడుముకున్నాడు. అప్పుడు అమ్మ నన్ను కాపాడబోయింది. "అవనుక్కు వెక్కం సార్," అంది. వాడికి సిగ్గు సార్, అని. "చిన్నప్పట్నుంచీ అంతే. మనసులో ఏమీ ఉండదు." నన్ను ఎవరైనా తిట్టి ఉంటే తలెత్తేవాణ్ణి. ఆ మాటకు నా చెవులు కాలిపోయాయి. సిగ్గుపడ్డానన్న సంగతికే అప్పుడు నిజంగా సిగ్గుపడ్డాను, ఇప్పటికీ రాత్రిపూట అది గుర్తొస్తే దుప్పటి మొహం మీదికి లాక్కుంటాను.

ఆఖర్లో నన్ను మైదానంలోకి దింపారు, ఓనరు మాట మీద. రెండు గోల్స్ వదిలాను. మావాళ్ళు రెండింటికీ చప్పట్లు కొట్టారు. ఆట అయిపోయింది, టీ కొట్టు కూడా మూసేశారు, మావాళ్ళు మాత్రం గ్యాలరీలోంచి కదలరు. పిలిచినవాళ్ళు వచ్చి, 'పోయి రండి' అని చెప్పాలి కదా. నేను తడిసిన జెర్సీతోనే గేటు దగ్గరకు వెళ్ళి అమ్మ పక్కన నిలబడ్డాను. ఇద్దరం కలిసి ఒక్కొక్కరికీ పులిహోర పొట్లం ఇచ్చి సాగనంపాము. పెద్దమామకు వంగి దణ్ణం పెట్టాను. ఆయన పొట్లం తీసుకుని, పోయొస్తానని అమ్మకు మాత్రం చెప్పాడు. అందరూ వెళ్ళాక అమ్మ అడిగింది, గెలిచినామా అని. ఓడిపోయినామమ్మా అన్నాను. "పోనీలే, అందురూ వచ్చినారు," అంది.

ఆ సీజనంతా ప్రతి మ్యాచికి ముందు నేనూ అమ్మతో కలిసి భరిణ పట్టుకుని తిరిగాను. ఆడవాళ్ళకు అమ్మ బొట్టు పెట్టేది, మగవాళ్ళకు నేను. ప్రతి ఇంట్లో కాఫీ తాగి కడుపు పాడుచేసుకున్నాను. పెళ్ళి ముహూర్తాలున్న ఆదివారాలు తప్ప గ్యాలరీ నిండుతూనే ఉండేది. అయినా మరుసటి ఏడాది ఓనరుకు వేరే వ్యాపారం మీద మనసు పోయి జట్టు మూతపడింది. నన్ను ఇంకే జట్టూ పిలవలేదు. ఇప్పుడు ఒక బడిలో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తున్నాను.

పెద్దమామకు ఈ మధ్య చూపు తగ్గింది, పట్టుదల తగ్గలేదు. పెళ్ళిళ్ళలో నేను ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు. పోయిన నెల పట్టుబట్టి పక్కన కూర్చుని కారణం అడిగాను. "పెద్దోడివైపోయినావు. మ్యాచిలు ఆడుకుంటా ఉండావు, మమ్మల్ని పిలిచేది మానేసినావు," అన్నాడు. ఆట ఎప్పుడో ఆగిపోయింది మామా అని చెప్పడానికి నోరు తెరిచాను. ఇంకా ఆడుతున్నానని నమ్మే మనిషి నాకు ఆయన ఒక్కడే మిగిలాడు. "తప్పయిపోయింది మామా, ఈసారి ముందు మీ ఇంటికే వస్తాను," అన్నాను.