ఏనుగుకు మంచె మీద విందు

చాయ్ తాగుకుంట వినండ్రి గానీ నవ్వొద్దు. మొన్న మా ఇంటిని ఏనుగు నుంచి నేనే కాపాడిన. గోడకు చిన్న బీట గూడ పడలే. ఇంట్ల ఉండాల్సిన ఇప్పపూలే లేవు, అంతే!

సంగతేందంటే, ఛత్తీస్‌గఢ్ దిక్కుకెళ్ళి ఒక ఏనుగు దిగిందని మా మండలం చర్లల ఒకటే గోల. మా ఊళ్ళె ఏనుగును చూసినోళ్ళే లేరు. ఫారెస్టు బీట్ సారు బండేసుకొని వచ్చి అందర్ని కూసోబెట్టిండు. "అటు అడివి ఎండిపోయింది. నీళ్ళు, నీడ, మేత యాడుంటే ఏనుగు ఆడికే పోతది. ఇండ్లల్ల ఇప్పపూలు పెట్టుకోకుండ్రి, వాసన పట్టి గోడలు కూలగొడ్తది" అన్నడు. ఇంకేందో చెప్పబోతుండు, నేను అప్పటికే లేచిన. నాకు సగం చెప్తే చాలు గద!

ఇంట్ల మూటల కొద్ది పూలు. పొద్దు పొడవక ముందే ఏరి, ఎండబెట్టి, కోతుల్ని అదిలించి దాచినయి. అవి అమ్మి వానల్లోపు ఇంటి మీద రేకులు ఏయాలె. మా ఆయన వెనకాలే వచ్చి, "ఇయ్యాలే తీస్కపోయి అమ్మేద్దాం" అన్నడు.

"రేటు ఇంకా పెరగాలె. చేను కాడ దాస్త."

"వాగు కాడనా? ఆడ..."

"నువ్వు ఊకో!"

మూటలన్నీ చేనుకు మోసిన. పక్కనే వాగు. వాగంత ఎండినా ఆడ మడుగుల నీళ్ళున్నయి. చుట్టు మద్దిచెట్లు, ఏసీ పెట్టినట్టు సల్లగుంటది. పందులు ముట్టకుండ మూటల్ని మంచె మీదికి ఎక్కించిన. చర్ల ఎస్టీడీ బూత్ నుంచి మా తమ్మునికి ఫోన్ చేసి, "సేఫ్ చేసిన రా" అని గొప్పలు గూడ చెప్పిన.

తెల్లారి పోయి చూస్తే మంచె ఒరిగింది. సంచులు పీలికలు. ఒక్క పువ్వు మిగల్లే. మడుగంత బురద. మద్దిచెట్టుకు వీపు రుద్దుకున్న మట్టి. దొరగారు తిని, తాగి, తానం చేసి, నీడకు నిలబడి పోయిండు. మంచె ఎత్తు దానికి సరిగ్గ సరిపోయింది, వంగే పని గూడ లేదు.

ఆడనే కూసొని ఏడ్చిన. రేకులు పాయె గద!

బీట్ సారు వచ్చి అడుగులు కొలిచిండు. "అమ్మా, ఏనుగొస్తే ఈ మడుగు కాడికే వస్తది, ఇటు దిక్కు రావొద్దని ఆరోజే చెప్పిన గద?"

మా ఆయన దిక్కు తిరిగిన. "నువ్విన్నవా?"

"అవ్, విన్న."

"మరి నాకు చెప్పొద్దా?"

"ఊకో అన్నవ్. ఊకున్న."

ఇప్పుడు మా ఊళ్ళె ఏనుగు ఎటు పోతదని సారును ఎవ్వలు అడుగుతలేరు. నేను మూట నెత్తికెత్తుకుంటే చాలు, ఎటు పోతున్ననో చూసి ఎదురు దిక్కు నడుస్తున్రు.