అక్క క్లెయిము, అమ్మ ఆషాఢం

ఆ గదిలో ఉన్నవాళ్లు: బల్లకు అటువైపు ఆస్పత్రి వైద్యాధికారిణి, ఇటువైపు అక్క, బావ, అమ్మ, నేను. ఉన్నవి: అక్క ట్యూబెక్టమీ సర్టిఫికెట్, పోయిన వారం తీయించిన స్కాన్ రిపోర్టు, పరిహారం అర్జీ, నాలుగు కుర్చీలు. నేను నిలబడ్డాను.

రెండో కాన్పు తర్వాత అదే ఆస్పత్రిలో అక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. రెండేళ్లకు మళ్లీ కడుపొచ్చింది. ఇలాంటప్పుడు ప్రభుత్వం పరిహారమిస్తుంది. డాక్టరు నిర్లక్ష్యాన్ని మనం నిరూపించనక్కర్లేదు. కానీ గర్భం సంగతి తెలిసిన తొంభై రోజుల్లోగా అర్జీ పెట్టాలి. బిడ్డను ఉంచుకోవాలని అక్కాబావలు నిశ్చయించుకున్నారు. చందాపుర ఫ్యాక్టరీలో బావకొచ్చే జీతంతో ముగ్గురు పిల్లలంటే ఆ డబ్బు కావలసిందే.

మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని అమ్మ కట్టడి చేసింది. నిండేసరికి ఆషాఢం నడుస్తోంది. ఆ నెలలో ఏ పనీ మొదలుపెట్టకూడదంది. శ్రావణం వచ్చాక నాకు చెప్పారు. అర్జీ నియమాలు నేను చదివింది అప్పుడే.

"స్కాన్‌లో పదిహేడు వారాలు ఉండాది. మీకు ఎప్పుడు తెలిసింది?" అని అధికారిణి కోలారు వైపు తెలుగులో అడిగింది.

అక్క నోరు తెరిచేలోగా అమ్మ అందుకుంది. "పోయిన వారమే మేడం. స్కాన్ తీసినాకే."

అధికారిణి పెన్ను కింద పెట్టింది. "ఇద్దురు బిడ్డల తల్లికి నాలుగు నెల్లు తెలీలేదంటే పైవాళ్లు నమ్మరమ్మా. తిప్పి పంపిస్తారు."

"పోయిన వారం కాదు మేడం," అంది అక్క. "బడి తెరిచిన పొద్దు, ఇంట్లోనే కిట్టుతో చూసుకున్నా."

బడి తెరిచింది మే చివర్లోనా, జూన్ మొదట్లోనా? నాకు గుర్తు రాలేదు. మేలో అయితే గడువు దాటిపోయినట్టే.

"ఆధారం ఏమన్నా ఉండాదా?"

అక్క ఫోన్ తీసి పాత మెసేజీలు వెనక్కి జరుపుకుంటూ పోయి, ఆ రోజు బావకు పంపిన కిట్టు ఫోటో చూపించింది. రెండు ఎర్రగీతలు, పక్కన తేదీ.

అమ్మ తొంగి చూసింది. "ఎవురికీ చెప్పొద్దంటే ఆ పొద్దే ఫోటో పంపినావా?"

"నేనేమన్నా బయటోణ్ణా అత్తా?" అన్నాడు బావ.

"మీరు ఫ్యాక్టరీ అంతా చూపించింటారు."

"అది మీరు ఇంటికాడ తేల్చుకోండప్పా," అంటూ అధికారిణి బల్ల మీది క్యాలెండరు దగ్గరికి లాక్కుంది. పెన్ను మొనతో వారాలు లెక్కపెట్టింది. ఆలస్యానికి కారణం ఉన్నదున్నట్టు రాసివ్వమంది. అక్క మూడో నెల మాటా ఆషాఢం మాటా దాచకుండా రాసింది. ఫోటో ప్రింటు తీసి దానికి జతచేశాం.

"ఇది నిలబడుతుంది. నువ్వు మాత్రం చెకప్పులు తప్పించొద్దు తల్లీ," అని అధికారిణి రసీదు మీద ముద్ర వేసింది.

బయటికి రాగానే అక్క మసాలా దోసె అంది. హోటలు వైపు అందరికంటే ముందు నడిచింది అమ్మే.

గడువుకు ఇంకా మిగిలినవి మూడు రోజులు.