పిట్ట ముట్టిన చోటు

దోహా మెట్రో స్టేషన్‌లో నిలబడితే రైలు రాకముందే దాని గాలి వస్తుంది. సొరంగంలోంచి చల్లగా, కొంచెం మట్టివాసనతో వచ్చి ముఖానికి తగులుతుంది. పక్కనున్నవాళ్ళు ఫోన్లు జేబులో పెట్టుకుని ముందుకు జరుగుతారు. నేను వెనక్కి జరుగుతాను. నాతో పనిచేసే డ్రైవర్ "నీకేమన్న దయ్యం పట్టిందా" అని ఎగతాళి చేస్తాడు. పట్టిందనే అంటాను, అబద్ధమెందుకు? ఆ గాలి మొదటిసారి నాకు తగిలింది దోహాలో కాదు. మంచుకొండల్లో, ఒక పాత బంగారు గని నోటి దగ్గర.

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ వస్తోందని దోహా అంతా తవ్విపోసిన రోజులవి. ఏ రోడ్డు ఎటు మళ్ళించారో డ్రైవర్లకే తెలిసేది కాదు. నేను ఊరి అంచున ముఐథర్‌లో ఒక ఖతరీ ఇంట్లో వంటవాణ్ణి. మా అక్క భర్త, అంటే మా బావ, కంపెనీ క్యాంపులో ఉండేవాడు. శుక్రవారాలు ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో నిజామాబాద్ సాయబు ఒకాయన నడిపే చిన్న హోటల్లో కలుసుకునేవాళ్ళం. వారమంతా వండి వండి విసిగిన నాకు ఆ ఒక్కపూట ఇంకొకరు వడ్డిస్తే తినడం పండగ. బావ మాత్రం తలకాయ కూర ముందు పెట్టుకుని కూడా "నీ పచ్చిపులుసు ముందట ఇదెంత" అనేవాడు. అది పొగడ్త కాదు, వచ్చే వారం డబ్బాలో తెమ్మని అర్థం.

బావ పని ఏమిటో మా ఇంటివాళ్ళలో నాకొక్కడికే తెలుసు. ఊళ్ళో అందరూ స్టేడియంలో కుర్చీలు బిగిస్తున్నాడనుకునేవాళ్ళు. అక్క అయితే "మా ఆయన దుబాయ్‌ల ఆటల గ్రౌండు కడ్తున్నడు" అని గొప్పగా చెప్పుకునేది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా మా ఊరికి అది దుబాయే. నిజానికి బావ ఉండేది మెట్రో సొరంగంలో. పెద్ద యంత్రం భూమిని తొలుచుకుంటూ పోతే, దాని వెనక సిమెంటు వలయాలకు బోల్టులు బిగించే గుంపులో ఒకడు.

ఆ అబద్ధానికి కారణం మా నాయన. మా చిన్నతనంలో బావిలో పూడిక తీస్తుంటే ఒడ్డు కూలి ఆయన మీద పడింది. బయటికి తీసేసరికి సాయంత్రమైంది. పొద్దుటినుంచి అప్పటిదాకా అక్క ఆ బావి గడ్డమీదే కూచుని ఉంది, ఎవరు లేపినా లేవలేదు. పెళ్ళప్పుడు బావను ఆమె కోరింది ఒక్కటే, భూమి లోపలి పనికి పోవద్దని. ఆ మాట కోసమే బావ బొగ్గుబాయి పని వస్తే వద్దనుకున్నాడు. తీరా ఎడారి దేశం వచ్చాక కంపెనీ ఆయన్ను దింపింది భూమి కిందికే.

"చెప్తే ఏమైతది బావా?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"చెప్తే అది నిద్రపోతదా? రోజూ బాయి గడ్డ మీద కూసున్నట్టే కూసుంటది. కుర్చీలు గాకపోతే బోల్టులు. బిగిచ్చుడు బిగిచ్చుడే గద? నువ్వు నోరు జారకు బామ్మర్ది, నా మీద ఒట్టు."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి పెళ్ళానికి ఎవరు అబద్ధాలు చెప్పడం? అయినా మళ్ళీ శుక్రవారం పచ్చిపులుసు డబ్బా పట్టుకునే వెళ్ళాను.

ఆ వేసవిలో నేను వండిపెట్టే ఖతరీ ఇంటివాళ్ళు యూరప్‌లోని ఆల్ప్స్ కొండల్లో ఒక సరస్సు ఒడ్డున రెండు నెలలు ఉండటానికి పోతూ నన్నూ తీసుకెళ్ళారు. ఇంటి ముసలావిడను పనివాళ్ళమంతా 'మామా' అని, అంటే అమ్మా అని, పిలిచేవాళ్ళం. ఆవిడ నా చేతి అన్నం తప్ప తినదు. "మీ మామ పుణ్యాన మంచుకొండ సూడవోతున్నవ్" అని బావ నవ్వాడు. ఆ రోజు హోటల్ తలుపు పిడి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, అంత ఎండ. క్యాంపు బస్సు ఎక్కేముందు బావ నా భుజం పట్టుకుని అన్నాడు, "ఆడ సల్లగ ఉంటదట. నా పేరు చెప్పి ఒక్కసారి గట్టిగ ఊపిరి పీల్సుకో బామ్మర్ది. కింద గాలి ఆడదు, పైకొస్తే ఎండ. రెండిట్ల ఏది మేలో తెలుస్తలేదు."

అట్లాగే అన్నాను. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

ఆ సరస్సు ఊరు చూస్తే నాకు నవ్వొచ్చింది. నీలంగా నీళ్ళు, చుట్టూ కొండలు, వాటి నెత్తిన మంచు, అంతా క్యాలెండర్ బొమ్మే. కానీ హోటళ్ళ ముందు బోర్డులు అరబ్బీలో ఉన్నాయి. ఒడ్డు పొడవునా బురఖాల్లాంటి నల్ల అబాయాల్లో ఆడవాళ్ళు పిల్లలకు ఐస్‌క్రీములు కొనిపెడుతున్నారు. సగం గల్ఫ్ అక్కడే దిగింది. వాన వస్తే ఆ ఊరివాళ్ళు ఇళ్ళలోకి పరుగెత్తేవాళ్ళు, మా వాళ్ళు వానలోకి పరుగెత్తేవాళ్ళు. మామా చక్రాల కుర్చీలో కూచుని అరచేతులు చాపి చినుకులు పట్టుకునేది. నేను వంటగది కిటికీలు తెరిచి వండేవాణ్ణి. చెమట పట్టకుండా వంట చెయ్యడం నా జన్మలో అదే మొదలు. ఆ హాయిలో బావ అడిగిన ఊపిరి సంగతి గుర్తే రాలేదు.

ఒక పొద్దున బావతో ఒకే గదిలో ఉండే జగిత్యాల ఆయన ఫోన్ చేశాడు. "అన్నా, డ్యూటీకి లేపితే లేస్తలేడు" అన్నాడు.

గుండె ఆగిందని కాగితం మీద రాశారు. నలభై దాటని మనిషి గుండె ఎందుకు ఆగిందో రాయలేదు, అడిగినవాడూ లేడు. మా యజమాని మంచివాడే, చాలా చోట్లకు ఫోన్లు చేశాడు. కానీ నా వీసా వాళ్ళతో వచ్చి వాళ్ళతో తిరిగి పోవడానికి ఇచ్చింది. అక్కణ్ణించి నేరుగా ఇంటికి పోవడం కుదరలేదు. బావ దోహాలో మంచుపెట్టెలో ఉన్నాడు. నేను మంచుకొండ కింద ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆ రోజుల్లో ఉల్లిపాయలు నన్ను కాపాడాయి, కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయని ఎవరూ అడగలేదు.

చివరికి పెట్టె ఊరికి చేరింది. చితి మంట ఫోన్లో చూశాను. మూడో దినం పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెడితే కాకో, మరో పిట్టో వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆయన మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అదేమిటో కనిపెట్టి, తీరుస్తామని పైకి చెప్పాలి. పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్ళు అన్నం తినరు.

ఆ రోజే మా యజమానివాళ్ళు పాత బంగారు గనుల ఊళ్ళు చూడాలని బయలుదేరారు. వ్యాన్‌లో ఉండగా అక్క ఫోన్ వచ్చింది.

"పిట్ట ముడ్తలేదు తమ్మీ. పొద్దటిసంది కూసున్న. పిల్లలను సదివిస్తమన్నరు, నన్ను మంచిగ జూసుకుంటమన్నరు, ఎవలకు తోచింది వాళ్ళు చెప్పిండ్రు. కాకులు గోడ మీద కూసోని సూస్తున్నయి గని దిగుతలేవు. ఆడ ఆయనకు నువ్వే గద ఉన్నది. ఆయన మనసుల ఏమున్నదో నీకేమన్న ఎర్కనా?"

"యాది జేస్త అక్కా" అని పెట్టేశాను. పెట్టె కోసం ఎదురుచూసిన రోజుల్లోనే ఆమె సగమైపోయింది. పిట్ట దిగేదాకా అక్క లేవదు. మళ్ళీ బావి గడ్డ మీద కూచుంది.

మొదటి ఊళ్ళో బరువైన తలుపులున్న రాతి ఇళ్ళు, గోడల మీద వెలిసిపోయిన బొమ్మలు. బంగారం దొరికిన కాలంలో కట్టినవట. ఒక తొట్టి దగ్గర పిల్లలకు పళ్ళెంలో ఇసుక ఇచ్చి, కడిగి బంగారం ఏరుకోమన్నారు. పసుపు పొడి రేణువంత మెరిస్తే చాలు, కేకలు. రెండోది ఇప్పుడు ఊరు కాదు, ఒకప్పుడు ఊరున్న చోటు. లోయ చివర కప్పుల్లేని గోడలు మిగిలాయి. ఊరు చూపించే ముసలాయన చెప్పేదాన్ని ఇంటి పెద్దమ్మాయి మామాకు అరబ్బీలో చెప్పింది. వంటింటి అరబ్బీ నాకూ వచ్చు. పనివాళ్ళు పైన గని దగ్గరే ఒక ఇంట్లో, ఒకదాని మీద ఒకటి వేసిన మంచాల్లో పడుకునేవాళ్ళట. చలికాలంలో ఎవరైనా పోతే దారి మూసుకుపోయి కిందికి తేలేక, శవాన్ని మంచులోనే ఉంచి, మంచు కరిగాక ఇంటికి పంపేవాళ్ళట. అంతదాకా కింద పెళ్ళాం ఆయన బతికే ఉన్నాడనుకునేదట.

"మిస్కీన్, మిస్కీన్" అని మామా తల ఊపింది. పాపం, పాపం అని. నేను కూలబడటానికి ఒక రాయి వెతుక్కున్నాను.

"బంగారం ఎవరికి పోయింది?" అని అడిగాను. ఆ కాలంలో ఆ నేలను ఏలిన క్రైస్తవ మతపెద్దకట. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

పక్కనే అద్దాల పెట్టెలో ఒక బూటు ఉంది. కొండ మీద మంచు కరిగితే బయటపడిందట. తోలు ముడుచుకుపోయింది. మడమ ఎడమవైపుకు అరిగి ఉంది. బావ బూటూ అట్లాగే ఎడమకు అరిగేది. నేను ఎన్నోసార్లు వెక్కిరించాను, "సక్కగ నడువుడు రాదా బావా" అని. ఆ బూటు చూసిన దగ్గర్నుంచి ఎవరో నా వెనకే నడుస్తున్నట్టుంది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను కూడా.

మధ్యాహ్నం మా వాళ్ళు గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని తినడానికి కూచున్నారు. ఒళ్ళు నల్లగా, ముక్కు పసుపుగా ఉన్న పిట్టలు, కాకికంటే చిన్నవి, పిల్లల చేతుల్లోంచి బిస్కెట్లు లాక్కుపోతున్నాయి. నాకోసం పొద్దున ఒక డబ్బాలో అన్నం, పచ్చిపులుసు పెట్టుకున్నాను. చింతపండు లేకుండా నేనెక్కడికీ పోను. ఆ డబ్బా తీసుకుని గోడల వెనక్కి నడిచాను.

అక్కడ కొండలో ఇనుప కటకటాలు బిగించిన నల్లటి రంధ్రం ఉంది. గని నోరు. దగ్గరికి పోయేసరికి లోపలినుంచి గాలి వచ్చి ముఖానికి తగిలింది, చల్లగా, తడిమట్టి వాసనతో. బయట గడ్డిపోచ కదలడం లేదు. లోపల ఎవరో పడుకుని ఊపిరి వదులుతున్నట్టు ఆ గాలి ఆగి ఆగి వస్తోంది.

పట్టపగలు, పిల్లల నవ్వులు వినిపిస్తుండగానే నాకు భయమేసింది. అయినా కటకటాలు పట్టుకుని, "బావా, నీ పేరు మీద" అని గుండెల నిండా పీల్చుకున్నాను. తర్వాత అన్నం కలిపి ముద్ద చేసి రాతి మీద పెట్టి దూరం జరిగాను.

పిట్టలు వచ్చాయి. వచ్చి నిలబడ్డాయి. పిల్లల చేతుల్లోంచి లాక్కుతినే పిట్టలు నా ముద్ద జోలికి రాలేదు. ఒకటి రాతి అంచున వాలి తల వంచి నన్నే చూసింది.

"అక్కను మంచిగ జూసుకుంట బావా" అన్నాను. కదల్లేదు. "పిల్లలను సదివిస్త." కదల్లేదు.

"మరేం గావాలె నీకు? బతికినప్పుడూ గిట్లనే సతాయించినవ్!" అని అరిచాను. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తుండగా నోటినుంచి దానంతట అదే వచ్చింది, "చెప్పను బావా. నువ్వు కింద పనిజేసినవని అక్కకు చెప్పను. నువ్వు కుర్చీలే బిగిచ్చినవ్."

పిట్ట ఒక్క గెంతు గెంతి, పులుసులో తడిసిన మెతుకు తీసుకుంది. వెంటనే మిగతావీ దిగాయి. అవి ఎవరు ఏది పెట్టినా తినే పిట్టలని నాకు తెలుసు. తెలిసినా రెండు చేతులూ జోడించాను.

అక్కకు ఫోన్ చేశాను.

"ముట్టిందక్కా."

"యాడ?"

"ఈడ, కొండ మీద. కాకి అసోంటి నల్లపిట్ట. పచ్చిపులుసు అన్నం పెట్టిన."

వెనకాల ఆడవాళ్ళు "ముట్టిందంట, ముట్టిందంట" అనుకోవడం వినిపించింది.

"ఏమని చెప్పినవ్ తమ్మీ?"

"నిన్ను మంచిగ జూసుకుంటనని చెప్పిన."

"గదే మాట ఈడ పొద్దటిసంది అందరు చెప్పిండ్రు గద" అంది నెమ్మదిగా. "అప్పుడు ముట్టలే."

గని గాలి వీపుకు తగులుతోంది, చెవిలో అక్క ఊపిరి వినపడుతోంది. కొండలన్నీ నా నోటి వైపే చూస్తున్నాయనిపించింది. ఇంకొక్క మాట అడిగితే చెప్పేసేవాణ్ణే.

"సరే తియ్" అంది చివరికి. "ఆయన నీకు చెప్పింది నీకాడనే ఉండనీ. ఒక్కటి మాత్రం చెప్పు. ఆయన తిన్నకాడ సల్లగున్నదా?"

"ఉన్నదక్కా. శాన సల్లగున్నది."

"అయితే సాలు."

కంచం జరిపిన చప్పుడైంది. ఎవరో అన్నం వడ్డించారు. అక్క ఫోన్ పెట్టెయ్యలేదు. ఆమె ముద్ద నములుతుంటే వింటూ, ఆ చల్లగాలికి వీపు ఆనించి, నేను అక్కడే నిలబడ్డాను.