గెడ్డ నడుమ మోగిన ఫోన్లు

సీతంపేట సంతకు సర్వీసు జీపు నడుపుతాను. నా చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. జీపు మాత్రం ఎక్కడా ఆగలేదు, ఆ రోజు వరకు.

మా దారికి అడ్డంగా పారే, వంతెన లేని గెడ్డకు నీటిమట్టం కొలిచే పెట్టె బిగించారు. అది గంటగంటకూ కొలిచి, నంబరు ఇచ్చిన వాళ్లందరి ఫోన్లకూ కబురు పంపుతుంది. మా ఊరంతా నంబర్లు ఇచ్చాం.

కిందటి వానాకాలం, సంతరోజు. గెడ్డ ఎర్రగా పారుతోంది, లోతు తెలియడం లేదు. ఒడ్డున ఆగగానే నా ఫోను మోగింది. "నీరు తక్కువ. దాటవచ్చు."

"ఏటి సెప్తందిరా అల్లుడూ?" అంది అనాసపళ్ల గంప ఒళ్లో పెట్టుకున్న అప్పలమ్మత్త.

"దాటమంటంది అత్తా."

"మరేటి సూత్తన్నావు? బేగి పోనీ. పళ్లు మగ్గిపోతన్నాయి."

నడిగెడ్డలో ఇంజనులోకి నీరు చేరింది. జీపు ఆగి, మెల్లగా పక్కకు కొట్టుకుపోసాగింది. అప్పుడు అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. "నీరు ఎక్కువ. దాటవద్దు."

వెనక సీట్లో ఉన్న పాస్టరుగారు ప్రార్థన అందుకున్నారు.

"ముందే సెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయేటి దీనికి?" అంది అత్త, గంప నెత్తికెత్తుకుని.

అవతలి గట్టువాళ్లు తాళ్లు వేసి లాగారు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

మొదటి కబురు తెల్లవారుజామున కొలిచినదట. కొండల్లో సిగ్నలు లేక ఆగి, మాకు అప్పుడు అందింది. ఇప్పుడు ప్రతి కబురులోనూ కొలిచిన వేళ కూడా వేస్తున్నారు.

నాకు మాత్రం ఎవరేం చెప్పినా "ఎప్పటిది?" అని అడగడం అలవాటైపోయింది. మొన్న మా ఆవిడ కూర వడ్డిస్తుంటే అడిగాను. ఆ పూట నాకు కూర లేదు.