ఉత్త చేతులు

మా ముత్తాత వేములపల్లి దిక్కున శిస్తు వసూలు చేసే మాలీపటేలు. మా తాత సూర్యాపేట కచేరీకి వెళితే తహసీల్దారు లేచి కుర్చీ వేయించేవాడు. గడప తొక్కినవారిని ఉత్త చేతులతో పంపడం మా ఇంట లేదు. అందుకే, జ్వరంతో దగ్గుతున్న నా మనవరాలిని చూసి మిర్యాలగూడ పిల్లల డాక్టరమ్మ యాంటీబయాటిక్ రాయకుండా పొమ్మన్నప్పుడు అవమానంగానే తోచింది.

"ఉత్తగ పంపుతవా అమ్మా?"

"ఉత్తగా ఎందుకు పెద్దాయనా, జ్వరం మందు రాశాగా!" అని నవ్విందామె. కోదాడ మనిషి. "ఇది వైరస్. మీరడిగే మందు దీని మీద పనిచేయదు. డొక్కలు ఎగిరిపడినా, ఊపిరి వేగంగా తీసినా, నీళ్లు తాగకపోయినా వెంటనే తీసుకురండి. మళ్లీ చూసి, అవసరమైతే అప్పుడిస్తా."

మధ్యాహ్నం ఇంట్లో పిల్ల దగ్గింది. తాళం వేసి ఉన్న మధ్య అర్రలోంచి అదే దగ్గు తిరిగి వినిపించింది. పాత ఇల్లు కదా, మారుమోత అనుకున్నాను. ఈసారి పిల్ల దగ్గకముందే లోపల దగ్గు మొదలైంది.

"తాతా, అండ్ల ఎవలున్నరు?"

మా నాయన చెల్లెలు చిన్నతనంలో దగ్గుతోనే ఆ అర్రలో చనిపోయింది. అప్పట్లో ఈ మందులు లేవు. నేను లేచి ఫ్రిజ్ తెరిచాను. లోగడ పిల్ల చెవికి చీము పట్టినప్పుడు ఇదే డాక్టరమ్మ రాసిన యాంటీబయాటిక్ సీసాలో సగం మిగిలి ఉంది. చెంచాలో పోయబోతుంటే కోడలు చెయ్యి పట్టుకుంది.

"అది ఎప్పుడో కలిపిన మందు మామా. తగ్గిందని అప్పుడు సగంలనే ఆపినం. ఆ తప్పు సాలదా?"

"అర్రల దగ్గు ఇనవడ్తలేదా నీకు?"

"ఇనవడ్తంది. మందు అర్రకు పోస్తవా, పిల్లకు పోస్తవా? ముందుగాల డొక్కలు సూడు."

గౌను ఎత్తి చూశాం. డొక్కలు నెమ్మదిగా ఆడుతున్నాయి. పిల్ల నీళ్లడిగి గటగటా తాగింది. చెంచా కింద పెట్టాను. గోడ అవతల దగ్గు హెచ్చింది, ఊపిరాడనట్టు ఈల కూడా కలిసింది. అది విన్నప్పుడల్లా నా చెయ్యి సీసా మీదికి పోయేది, కోడలి చూపు పిల్ల డొక్కల మీదికి పోయేది.

జ్వరం దానంతట అదే దిగింది. కొన్నాళ్లకు పిల్ల దగ్గు కూడా పోయింది. అర్రలోది పోలేదు. పిల్ల ఆడుతూ ఆడుతూ పోయి ఆ తలుపుకు నోరానించి, "నీళ్లు తాగు, తగ్గుతది" అని లోపలికి చెప్పేది. కాసేపు అక్కడ చప్పుడుండేది కాదు.

ఆ వేసవిలో, దగ్గు ఆగుతుందేమోనని అర్రనే విప్పించి, దాని తలుపులు, దూలాలు, పైకప్పు టేకు మొత్తం కోదాడ కలప వ్యాపారికి అమ్మేశాం.